ఒక్క బెల్లుకు ఆగిపోయిన ఆఫీసు

మా ఇంట్లో కంప్యూటరు మొరాయించిన ప్రతిసారీ మా ఆయన నా వైపే చూస్తాడు. నేనే ఏదో నొక్కి ఉంటానని ఆయన గట్టి నమ్మకం. నొక్కితే నొక్కి ఉంటాను, కాదనను. కానీ మేం కోలారు బంగారు గనుల దగ్గర ఊరిగాంలో కాపురమున్న రోజుల్లో, మా ఇంటికొచ్చిన మొట్టమొదటి కంప్యూటరును నట్టనడుమ ఆపేసింది నేను కాదు, మా మామ. అప్పుడు ఆ సంగతికి నాకు పట్టరాని కోపం వచ్చింది. రాదా మరి? ఇప్పుడు అదే సంగతి తలుచుకుంటే ఆ మనిషికి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

మా మామ బంగారు గనిలో వైండింగ్ ఇంజన్ డ్రైవరు. షాఫ్టు అనే ఆ లోతైన గోతిలోకి మనుషులెక్కిన కేజీని, అంటే ఇనుప చట్రాన్ని, తాడు మీద దించి మళ్లీ పైకి లాగే ఇంజన్ ఆయన చేతిలో ఉండేది. ఆయన కూర్చునేది పైన, ఇంజన్ హౌసులో. కేజీ ఉండేది ఎక్కడో భూమి అడుగున. కంటికి కనబడదు, కేకేస్తే వినబడదు. కింద ఉన్న మనిషికీ ఈయనకూ మధ్య ఉన్నదల్లా బెల్లు. ఇన్ని కొడితే దించు, ఇన్ని కొడితే మనుషులెక్కారు, మెల్లగా లాగు. నడుస్తుండగా ఒక్కటే కొట్టారా, ఆపెయ్. ఎందుకని అడిగేది లేదు. "ఆ ఒగ బెల్లుకు ముందు చెయ్యి కదలాలమ్మా. బుర్ర తర్వాత నిదానంగా వస్తాది" అనేవాడు నాతో.

నేను ఆ ఇంటికి కోడలుగా వచ్చేసరికి గని మూసేసి చాన్నాళ్లయింది. ఇంజన్లు తుప్పు పట్టాయి. మామ పొద్దున్నే లేచి, గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పోవడానికి చోటు లేక వరండాలో కూర్చునేవాడు. ఆ చొక్కా ఒక్క రోజు కూడా మానలేదు. అత్త చాటుగా నవ్వేది. "యాడికి డ్యూటీ?" అని ఎగతాళి చేసేది.

మాది రాయల్పాడు దగ్గర పల్లె, మామిడితోటల వాళ్లం. బస్సుల్లో వేలాడుతూ కోలారుకు పోయి బీకాం చదివాను. చదివి, పెళ్లి చేసుకుని, కంపెనీ క్వార్టర్సులో గిన్నెలు తోముతూ కూర్చున్నాను. మా ఆయన తెల్లవారకముందే బెంగళూరు రైలెక్కి, నేను కునికిపాట్లు పడేవేళకు దిగేవాడు. నా చదువు అలా మూల పడి ఉండడం నాకు మహా కడుపుమంటగా ఉండేది. బంగారుపేట అవతల మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఒకటి పెట్టారని, లెక్కలు చూసే మనిషి కావాలని తెలిసినప్పుడు ఎవరినీ అడక్కుండా అర్జీ పెట్టేశాను.

పరీక్షకు పిలిచారు. కంప్యూటరు మీద కూలీల జీతాల షీటు, సరుకు షీటు వేసి చూపించాలి. అదెంత పని అనుకుని పోయాను. మా ఆయన తన ఆఫీసులో తీసేస్తున్న పాత కంప్యూటరును ఇంటికి తెచ్చినప్పటి నుంచి దాని మీదే కదా నా సాధకం! తీరా అక్కడ కూర్చుని చూద్దును కదా, నాకు తెలిసిన ఆఫీసు, అంటే ఈ షీట్లు వేసే ప్రోగ్రాము, కాదది. ఫైలు అనే మాట లేదు. నేను రోజూ నొక్కే చోట ఏమీ లేదు. పైన అడ్డంగా ఒక వెడల్పాటి పట్టీ, దాని నిండా బొమ్మలే బొమ్మలు. కొత్త ఆఫీసు అట. వచ్చి చాలా కాలమైందట. సేవ్ చేసేదెక్కడో వెతుక్కునేసరికే పుణ్యకాలం గడిచిపోయింది. పక్కనున్న పిల్లలు టకటకా కొట్టేసి లేచిపోయారు. నేను ఏడుపు దిగమింగుకుని బయటపడ్డాను.

ఫ్యాక్టరీ ఆయన మంచివాడు. "లెక్క తెలిసినట్టే ఉందమ్మా, చెయ్యే అలవాటు లేదు. వచ్చే సోమవారం ఇంకోసారి రా. అప్పటికీ కాకపోతే వేరేవాళ్లను తీసుకుంటాను, సీజను ఆగదు కదా" అన్నాడు. ఇంటికొచ్చి చెబితే మా ఆయన, "సరే, పోయిరా. ఈసారి కూడా కాకపోతే ఇంగ ఈ ఉద్యోగం గిద్యోగం మాట ఎత్తకూడదు" అన్నాడు. అత్త తలూపింది. మా ఇంట్లో ఒకసారి అందరూ తలూపిన మాటకు తిరుగుండదు. అంటే నాకున్నది ఆ ఒక్క సోమవారమే. ఇంట్లో ఎవరూ చూడకుండా మామ నా దగ్గరికొచ్చి, "ఆ కొత్తది మనింట్లో ఎక్కించుకుంటే పోతుంది గదమ్మా" అన్నాడు.

శనివారం పొద్దున రాబర్ట్‌సన్‌పేటకు పోయి కంప్యూటర్ సెంటరు వాళ్ల దగ్గర కొత్త ఆఫీసు సీడీ తెచ్చాడు. చేతిలో పట్టుకుంటే గీతలు పడతాయేమోనని రుమాలులో చుట్టి తెచ్చాడు. రాగానే లైన్‌మ్యాన్ ఇంటికి పోయి, ఈ పూట కరెంటు తీస్తారా తీయరా అని కనుక్కొచ్చాడు. కుర్చీ తుడిచాడు. అత్తను, "లోపలికి రావద్దు, మాట్లాడొద్దు" అన్నాడు. వంటింట్లోంచి అత్త, "ఏం, పిల్లను ప్రసవిస్తా ఉండాదా ఆ మిషను?" అంది. నాకు నవ్వాగలేదు. మామ మాత్రం నవ్వలేదు.

సీడీ వేశాను. అడిగినవాటికల్లా సరే సరే అని నొక్కాను. పాతదాన్ని తీసేసి కొత్తది పెడతానంది, పెట్టమన్నాను. తెర మీద పచ్చగీత మెల్లగా పాకడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే వీధిలో "నీళ్లొచ్చినాయ్!" అని కేక. ఎండాకాలం, కొళాయి వదిలితే మళ్లీ ఎప్పుడొదులుతారో దేవుడికెరుక. "మామా, మీరు చూస్తా ఉండండి, అది దానంతటదే ఎక్కుతుంది" అని చెప్పి, బిందెలు తీసుకుని పరిగెత్తాను. వెనక్కి తిరిగి చూస్తే ఆయన కుర్చీలో నిటారుగా కూర్చుని, ఆ గీత మీదనుంచి కళ్లు తిప్పడం లేదు.

కొళాయి దగ్గర నాలుగు మాటలు పడి, నాలుగు అని, బిందె నడుమున పెట్టుకుని వచ్చేసరికి తెర నల్లగా ఉంది. మామ రెండు చేతులూ తొడల మీద పెట్టుకుని అలాగే కూర్చుని ఉన్నాడు.

"ఏమైంది మామా? కరెంటు పోయిందా?"

"పోలేదమ్మా. నేనే మెయిన్ ఆపేసినాను."

"ఎందుకు?"

"బెల్లు కొట్టిందమ్మా. గీత ముప్పాతికకు పైన పోయింది, టంగుమని ఒగటే బెల్లు కొట్టింది. ఆపేసినాను."

బిందె దించి, మెయిన్ వేసి, కంప్యూటరు పెట్టాను. పాత ఆఫీసు బొమ్మలు మాయం. కొత్తవాటి బొమ్మలు వచ్చాయి గానీ, నొక్కితే తెరుచుకోవు. మళ్లీ సీడీ వేస్తే, ఇది ముందే ఎక్కి ఉంది అంటుంది. సరే తీసేద్దామంటే, పూర్తిగా ఎక్కనిదాన్ని తీయలేను అంటుంది. ఉంది, లేదు, ఉంది, లేదు! ఆపి పెట్టాను, పెట్టి ఆపాను. తల ప్రాణం తోకకొచ్చింది. గీత పాకుతుండగా మధ్యలో అదేదో అడగడానికి టంగుమని ఒక చిన్న పెట్టె తెరిచి ఉంటుంది, అంతే. సరే అని నొక్కితే పోయేది. ఏమడిగిందో నాకు ఈనాటికీ తెలియదు.

"అది బెల్లు కాదు మామా! అది ఉత్త చప్పుడు! ఎవరు చచ్చిపోతా ఉండారని ఆపేసినారు?" అని అరిచేశాను. మామ ఎదుట గొంతెత్తడం అదే మొదలు. ఎల్లుండి పరీక్ష, ఇంట్లో పాతదీ లేదు, కొత్తదీ లేదు. అత్త వంటింటి గడపలోకి వచ్చి నిలబడింది. మామ నాకేం తెలుసనలేదు, నువ్వు నీళ్లకు పోతివి గదా అననూ లేదు. "తప్పు నాదేనమ్మా" అని లేచి, ఎర్రటి ఎండలో మళ్లీ రాబర్ట్‌సన్‌పేటకు పోయాడు. సెంటరు వాళ్లు, మొత్తం తుడిచేసి మొదటినుంచి ఎక్కించాలి, రేపు సెంటరు మూత, మంగళవారం తెమ్మన్నారట. ఆ మాట నాకు చెప్పేటప్పుడు ఆయన నా ముఖం చూడలేకపోయాడు. అన్నం కూడా సగంలోనే చెయ్యి కడిగేశాడు.

రాత్రి మా ఆయన వచ్చి సంగతి విని, "పోనీలే, ప్రాప్తం లేదనుకో" అని పడుకున్నాడు. నాకు ఒళ్లు భగ్గుమంది. ప్రాప్తం అనే మాట అనడానికి ఎంత సులువు!

మర్నాడు ఆదివారం. ఊరిగాం చర్చిలో తెలుగు ఆరాధన. పాటలయ్యాయి, ప్రసంగమయ్యింది. సాక్ష్యాలు చెప్పే సమయం వచ్చింది. జబ్బు నయమైనవాళ్లు, పిల్లలకు పెళ్లిళ్లు కుదిరినవాళ్లు ఆ వేళలో లేచి నాలుగు ముక్కలు చెప్పి కూర్చుంటారు. మా మామ ఏనాడూ లేచిన మనిషి కాదు. ఆ రోజు మగవాళ్ల వైపు బెంచీలోంచి ఇస్త్రీ చొక్కా ఒకటి లేస్తుంటే, ఎవరా అని అందరితోపాటు నేనూ చూశాను. చూసి బిక్కచచ్చిపోయాను.

"అయ్యగారూ, నాది సాక్ష్యం కాదు. ఒగ తప్పు చెప్పుకోవాల" అని మొదలుపెట్టాడు. "మా కోడలు మామిడి ఫ్యాక్టరీలో పనికి పరీక్ష రాస్తా ఉండాది. పోయినసారి పోయి ఫెయిలయింది. తెలివి లేక కాదు. పాత ఆఫీసు మీద నేర్చుకోని పోయింది, వాళ్లు కొత్తది పెట్టినారు. ఈసారి కొత్తది ఇంట్లో ఎక్కిస్తా ఉంటే నడిమధ్యలో నేను మెయిన్ ఆపేసినాను. ఆ మిషను ఇంగ పనికిరాదు. రేపు పొద్దున పరీక్ష. కొత్త ఆఫీసు ఉండే కంప్యూటరు ఎవరింట్లోనన్నా ఉంటే, ఈ దినం మాపటిదాకా ఆ బిడ్డకు ఇయ్యండి. అంతే."

నేను ఫెయిలైన సంగతి మా అమ్మవాళ్లకు కూడా చెప్పలేదు. ఈయన ఊరందరి ముందూ చెప్పేశాడు! చీర కొంగు తల మీదకు లాక్కుని, భూమిలోకి పోతే బాగుండునని కూర్చున్నాను. మగవాళ్ల వైపు మా ఆయన తల వంచుకుని తన బూట్లు చూసుకుంటున్నాడు. మామ మాత్రం కూర్చోలేదు. అడిగిన మనిషి జవాబు కోసం నిలబడ్డట్టు నిలబడే ఉన్నాడు. పాస్టరయ్యగారు గొంతు సవరించుకున్నారు. వెనకబెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. అయినా ఆయన కూర్చోలేదు.

ఆడవాళ్ల వైపు చివర్నుంచి ఒక టీచరమ్మ లేచింది. పెద్దావిడ, బళ్లో లెక్కలు చెబుతుంది, ఒంటరిగా ఉంటుంది. "మా ఇంట్లో ఉండాదప్పా. ప్రశ్నపత్రాలు దాంట్లోనే చేస్తాను. ఆరాధన కాంగానే పంపించండి" అంది. మామ ఆమెకు చేతులు జోడించి, అప్పుడు కూర్చున్నాడు.

బయటికి రాగానే పట్టుకున్నాను. "అంతమందిలో నా పరువు తీసేస్తిరే మామా! ఇంటింటికీ పోయి అడిగినా సరిపోయేది గదా!" అన్నాను. నా ముఖం ఎర్రబడి ఉంటుంది.

"ఇంటింటికీ పోతే సాయంత్రమయ్యేదమ్మా" అన్నాడు. కొంచెం దూరం నడిచి మళ్లీ చెప్పాడు. "ఇంజన్ హౌసులో షిఫ్టు మారేటప్పుడు, నా చేతిలో ఏం తప్పు జరిగినా వచ్చే డ్రైవరుకు అందరి ముందరా చెప్పి పోవాల. సిగ్గుపడి దాచుకుంటే అదే తాడు మీద ఇంకొకరు దిగతారు. మాకు అట్లనే అలవాటు."

సిగ్గు అనేది ఆయనకూ ఉంది. నిలబడినప్పుడు ఆయన ముందు బెంచీని రెండు చేతులతో బిగించి పట్టుకోవడం నేను చూశాను. ఉన్నా, ముందు జరగాల్సింది జరగాలి, సిగ్గు తర్వాత పడొచ్చు అన్నట్టు నిలబడ్డాడు. చదువుకున్నవాళ్లలోనూ, డబ్బున్నవాళ్లలోనూ ఎంతోమంది మగవాళ్లను చూశాను గానీ, కోడలి పని కోసం నలుగురిలో లేచి తప్పు నాదని చెప్పే మగవాణ్ణి మాత్రం ఆయన్నొక్కణ్ణే చూశాను.

టీచరమ్మ ఇల్లు చర్చి వెనక వీధిలో. ఆవిడ నన్ను కూర్చోబెట్టి, "పాతదాన్ని మనసులో పెట్టుకోని వెతకొద్దు. పైనుండే పేర్లు చదువు, చదివితే అదే చూపిస్తాది" అంది. నిజమే. ఆ పట్టీ మీద నాకు భయం పోవడానికి కాసేపే పట్టింది. పాతదాంట్లో ఉన్నవన్నీ దీంట్లోనూ ఉన్నాయి, ఇల్లు మారి కూర్చున్నాయంతే. ఆవిడ తన బడి పిల్లల మార్కులిచ్చి వేయమంది, కూడమంది, తప్పు పెట్టి వెతకమంది. పొరపాటు చేస్తే తల మీద పెన్సిలుతో కొట్టేది. బడిపిల్లనైపోయాను.

మామ లోపలికి రాలేదు. వరండాలో చెక్క కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. టీచరమ్మ కాఫీ ఇస్తే తాగాడు. మధ్యాహ్నం ఆవిడ నాకు అన్నం పెట్టి ఆయన్నీ పిలిస్తే, ఆకలి లేదన్నాడు. ఎండ వరండాలోకి వచ్చింది. కుర్చీ కాస్త జరుపుకున్నాడు గానీ లేవలేదు. నేను బయటికి పోయి, "ఇంటికి పోయి తిని పడుకోండి మామా. నాకు సాయంత్రమవుతుంది. దారి తెలియదా నాకు?" అన్నాను.

"నువ్వు లోపల ఉండావు గదమ్మా" అన్నాడు. "మనిషి లోపల ఉన్నంతసేపూ డ్రైవరు సీటు దిగకూడదు. నువ్వు పో, నీ పని చూసుకో."

లోపలికొచ్చి కూర్చున్నాక తెర మీద అంకెలు కాసేపు కనబడలేదు. టీచరమ్మ చూసి, నీళ్లు తెచ్చి పెట్టింది. దీపాలు పెట్టే వేళ దాకా కూర్చున్నాను. ఇంటికి పోయాక మామ కంచం ముందు కూర్చుని రాగిముద్ద మీద ముద్ద తిన్నాడు. అత్త వడ్డిస్తూ, "డ్యూటీ అయిందా?" అంది. ఆ రోజు అది ఎగతాళిగా అనలేదు.

సోమవారం నాతో ఫ్యాక్టరీకి వచ్చాడు. అత్త టిఫిను కట్టిస్తే సంచిలో పెట్టుకుని నా పక్కన బస్సులో కూర్చున్నాడు. గేటు బయట మామిడికాయల లారీలు బారులు తీరి ఉన్నాయి. లారీ డ్రైవర్లు కట్టుకున్న టార్పాలిన్ పట్టా నీడలో ఆయన్ను వదిలి, నేను లోపలికి పోయాను.

జీతాల షీటు ఇచ్చారు. వేశాను. సరుకు షీటు ఇచ్చారు. అందులో ఒకచోట కూడిక తప్పుంటే పట్టుకుని, ఇది ఇలా కాదండీ అన్నాను. ఫ్యాక్టరీ ఆయన వంగి చూసి, "ఎక్కడ నేర్చుకున్నావు ఇంత తొందరగా?" అన్నాడు. ఏమని చెప్పను? చర్చిలో అన్నాను. ఆయన నవ్వాడు, తమాషాకు అన్నాననుకున్నాడు. "ఈ రోజే చేరతావా? లారీలు చూశావు కదా, చేతులు చాలడం లేదు" అన్నాడు. అలాగేనని చెప్పి, ఒక్క నిమిషమని గేటు దగ్గరికి పరిగెత్తాను.

మామ నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"వచ్చింది మామా. ఇప్పుడే చేరమన్నారు."

ఆయన కళ్లద్దాలు తీశాడు. తుడుచుకోవడానికి తీశాడనుకున్నాను. అంతమంది లారీ డ్రైవర్ల మధ్య నిలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చేశాడు. గని మూసిన నాడు కూడా ఆయన కంట నీరు చూడలేదని మా అత్త అంటుండేది. నాకూ ఏడుపొచ్చింది. సిగ్గూ లేదు, ఏమీ లేదు, ఇద్దరం అక్కడే నిలబడి ఏడ్చాం.

తర్వాత ముఖం తుడుచుకుని, సంచిలోంచి టిఫిను తీసి నా చేతిలో పెట్టాడు. "మధ్యాన్నం తిను. నేనింగ పోతాను" అన్నాడు.

నాకు ఉన్నట్టుండి భయం వేసింది. కొత్త చోటు, కొత్త మనుషులు. "సాయంత్రం దాకా ఉండండి మామా, కలిసి పోదాం" అన్నాను.

"ఎందుకమ్మా?" అన్నాడు. "ఇంగ నువ్వే వస్తావు."

బంగారుపేట బస్సు వస్తుంటే చెయ్యెత్తి ఆపి, ఎక్కి, కిటికీ పక్కన కూర్చున్నాడు. వెనక్కి తిరిగి చూడలేదు.